ఏకగ్రీవం కాని ఒక తీర్మానం

ఈ మధ్య పంచాయతీ కార్యదర్శి ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చి, "సార్, ఈ పనిలో ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. రిజిస్టర్లు, నివేదికలు, పై ఆఫీసు తాకీదులు ఆర్నెల్లు తిరిగితే ఎవరికైనా వస్తాయి. "చేతులు లెక్కపెట్టడం నేర్చుకో తల్లీ" అన్నాను. ఆమె మర్యాదగా తల ఊపింది కానీ అర్థం కాలేదని మొహంలోనే తెలుస్తోంది. ఆ రోజు సగం చెప్పి వదిలేసిన సంగతిని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడు ఊళ్ల చుట్టూ ఉన్న పల్లెల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివి రాలేదు. కోపిష్టివాడని నాకు పేరుండేది, అది నిజమే. అయితే నా కోపం సగం నా మీద నాకే. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

పదింటికే రాసిన తీర్మానాలు

తొంభైల మొదట్లో హిందూపురం దగ్గర ఒక పంచాయతీలో గుమాస్తాగా చేరాను. అక్కడ నాకు పని నేర్పిన పెద్దాయన రైటరు నరసింహప్ప. చేతిరాత ముత్యాల్లా ఉండేది. మీటింగు పన్నెండింటికైతే ఆయన తీర్మానాలన్నీ పదింటికే రాసి పెట్టుకునేవాడు. ప్రతి తీర్మానం కింద ఒకటే మాట: "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

"మీటింగు ఇంకా కాలేదు కదా" అని అడిగితే నవ్వాడు.

"జరిగేదానికీ రాసేదానికీ ఏం సంబంధమప్పా? మీటింగులో కాఫీ తాగుతారు, కొట్లాడతారు, ఎవరి దావన వాళ్లు పోతారు. పుస్తకం అట్ల కాదు, నూరేండ్లుంటాది. దాంట్లో కొట్లాట కనపడకూడదు."

నాకు ఆ మాట భలే నచ్చింది. పదేళ్లు అలాగే రాశాను. ఒకసారి ఎస్సీ కాలనీలో వేయాల్సిన బోరును పెద్దవీధికి మార్చారు. దానికీ ఏకగ్రీవమే రాశాను. నాలుగు రోజుల తర్వాత ఆ కాలనీ నుంచి ఒక అవ్వ ఖాళీ బిందెతో ఆఫీసుకు వచ్చి, "మా మెంబరు ఒప్పుకున్న్యాడా? చేయెత్తినాడా?" అని అడిగింది. నిజానికి ఆ మెంబరు బల్ల గుద్ది అరిచి బయటికి వెళ్లిపోయాడు. అతని సంతకం మటుకు ముందే ఖాళీ పేజీలో తీసుకున్నాం. పుస్తకం తీసి ఆ పేజీ చదివి వినిపించాను. "ఎవరెత్తినారో ఎవరెత్తలేదో రాయనప్పుడు ఆ పుస్తకం ఎవురికి పనికొచ్చె సారూ?" అని ఆమె బిందె తీసుకుని వెళ్లిపోయింది. సిగ్గుపడ్డాను. పద్ధతి మటుకు మార్చుకోలేదు. సిగ్గు ఒక్కటే మనిషిని మార్చదని అప్పుడే తెలిసింది.

మెంబరు కుర్చీలో భర్త

రెండువేలు దాటిన తర్వాత పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య ఉన్న ఒక పల్లెకు బదిలీ అయ్యాను. ఊరి పేరు చెప్పను. ఎనిమిది మంది వార్డు మెంబర్లు, ఒక సర్పంచ్. మెంబర్లలో ముగ్గురు ఆడవాళ్లు. రిజర్వేషన్ పుణ్యాన గెలిచారు కానీ మీటింగు మొహం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. సుబ్బలక్ష్మి బదులు ఆమె భర్త, మునెమ్మ బదులు ఆమె భర్త కూర్చునేవారు. తిప్పమ్మ భర్త చనిపోయాడు కాబట్టి ఆమె కొడుకు శ్రీనివాసులు కూర్చునేవాడు. వాళ్లే మాట్లాడేవారు, వాళ్లే చేతులెత్తేవారు. మినిట్స్ పుస్తకం మాత్రం ఇళ్లకు వెళ్లి వేలిముద్రలు వేయించుకుని వచ్చేది.

ఇది తప్పని నాకు తెలియదా? బాగా తెలుసు. అందరూ చేసేదే కదా అనుకున్నాను. కొత్తగా చేరినవాళ్లకు చెబుతున్నాను, ఈ ఉద్యోగంలో అన్ని తప్పులూ ఆ ఒక్క మాటతోనే మొదలవుతాయి.

అక్కచెల్లెళ్లని రాసిన తప్పు

ఆ ఊళ్లో ఓబులమ్మ, గ్రేసమ్మ అని ఇద్దరు ఒకే ఇంట్లో ఉండేవారు. ఓబులమ్మ గొర్రెలు కాసేది. గ్రేసమ్మ అంగన్‌వాడీలో ఆయా, ఆదివారం చర్చికి పోయే మనిషి. పదిహేనేళ్ల కిందట ఊరికొసన గ్రామకంఠం జాగాలో ఇద్దరే రాళ్లు మోసి, మట్టి మెత్తి ఇల్లు కట్టుకున్నారు. ఇల్లు పూర్తయిన రోజు ఒకరి మెడలో ఒకరు పూలమాల వేసుకుని పాలు పొంగించుకున్నారట. ఊరికి అంతా తెలుసు. ఎవరూ పైకి అనరు. "ఆ ఇద్దరి ఇల్లు" అనేవారు, అంతే.

నేను వెళ్లిన కొత్తలో ఇంటింటి జాబితా రాస్తూ వాళ్ల గడప దగ్గరికి వచ్చాను. ఒకరికొకరు ఏమవుతారు అనే గడి ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని నేనే "అక్కచెల్లెళ్లు" అని రాసేశాను. పెద్ద ఉపకారం చేశానని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా. ఓబులమ్మ ఏదో చెప్పబోయింది. వినకుండా పక్కింటికి వెళ్లాను.

రెండేళ్లు తిరిగేసరికి ఓబులమ్మకు కడుపులో గడ్డ లేచింది. ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేయాలన్నారు. సంతకం ఎవరు పెడతారని అడిగితే గ్రేసమ్మ ముందుకు వచ్చి, నేను రాసిచ్చిన ఇంటి జాబితా నకలు చూపించింది. అక్కడి గుమాస్తా చదివి, "తండ్రుల పేర్లు వేరు, మతాలు వేరు, అక్కచెల్లెళ్లెట్లయినారు? దొంగ కాగితమా?" అన్నాడు. ఆ తర్వాత ఆమె చెప్పిన ఏ మాటా నమ్మలేదు. ఓబులమ్మ మేనల్లుడు, అదే తిప్పమ్మ కొడుకు శ్రీనివాసులుకు కబురు పంపి, అతను వచ్చి సంతకం పెట్టేదాకా రెండు రోజులు ఆపరేషన్ ఆగింది. ఆ రెండు రోజులూ ఓబులమ్మ నొప్పితో మెలికలు తిరిగిందని గ్రేసమ్మ చెబుతుంటే నేను తల ఎత్తలేకపోయాను.

అంతటితో పోలేదు. "సంతకం పెట్టింది నేను, వారసుడిని నేను, అత్త తర్వాత ఇల్లు నాదే" అని శ్రీనివాసులు ఊరంతా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. గ్రామకంఠం ఇంటికి పట్టా ఉండదు. పంచాయతీ ఇంటి రిజిస్టరులో పేరే దానికి ఆధారం. ఆ పేరు ఓబులమ్మ ఒక్కదానిదే. ఇంతలో డాక్టర్లు ఇంకో ఆపరేషన్ కావాలన్నారు.

ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు. ఇంటి రిజిస్టరులో రెండు పేర్లూ రాయాలి, ఆమె ఈమెకు ఏమవుతుందో కూడా రాయాలి. అదీ వాళ్ల అర్జీ.

"ఇల్లు కోసమైతే వీలునామా రాసుకోండి, చాలు కదా?" అన్నాను.

ఓబులమ్మకు కోపం వచ్చింది. "వీలునామా నేను సచ్చినాంక పనికొస్తాది సార్. నేను బతికే ఉండాను గదా? ఇది నాకేమయితాదో ఊరు ఇప్పుడే ఒప్పుకోవల్ల. ఆస్పత్రిలో నువ్వెవరంటే ఇది మల్లా నోరు మూసుకోని నిలబడల్లా?"

"మాది పెండ్లే సార్" అంది గ్రేసమ్మ నెమ్మదిగా. "పిలిస్తే ఎవురూ రారని పిలవలేదు, అంతే."

గడిలో ఏమని రాయాలని అడిగాను. అక్కడ అచ్చువేసి ఉన్నది "తండ్రి లేక భర్త" అని. మొగుడు అని రాస్తే ఇద్దరికీ సమ్మతం కాదు. "మేం ఇద్దరమూ ఆడోళ్లమే, మాలో మొగుడెవురు?" అని గ్రేసమ్మ నవ్వింది. చివరికి ఓబులమ్మే చెప్పింది: "తోడు అని రాయి సార్."

పెనుకొండలో దొరికిన సలహా

అర్జీ పట్టుకుని పెనుకొండలో మా పై అధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన పరమ చాదస్తుడు. ఒక కామా తప్పినా కాగితం వెనక్కి కొట్టేవాడు. అన్నాళ్లూ ఆయన్ను తిట్టుకున్నవాణ్ణి, ఆ రోజు నుంచి దండం పెట్టుకుంటున్నాను.

అర్జీ రెండుసార్లు చదివాడు. "ఇద్దరాడవాళ్ల పెళ్లికి మన చట్టంలో చోటు లేదు. పెళ్లని నువ్వు రాయలేవు. అయితే ఇంట్లో కాపురముండేవాళ్ల పేర్లు రాసుకోవడం పంచాయతీ చేతిలో పని. తోడు అని రాయకూడదని ఎక్కడా లేదు. తీర్మానం చేసుకుని రా" అన్నాడు. నేను లేచాను. "ఆగు. ఆ మేనల్లుడు నా దగ్గరికి తప్పకుండా వస్తాడు. మెంబర్లు కాకుండా మొగుళ్లు కూర్చుని చేసిన తీర్మానమైతే నేనే కొట్టేస్తా. ఎవరి చేయి ఎటు పోయిందో పేరుపేరునా రాయి."

బస్సులో కూర్చుని లెక్క వేసుకున్నాను. మొగుళ్లు, కొడుకు వస్తే మూడు ఓట్లు వ్యతిరేకం. మిగతా ఐదుగురిలో ఇద్దరు మాత్రమే అనుకూలం అనిపించింది. ఒకరు గొర్రెల దగ్గర ఓబులమ్మకు స్నేహితుడైన మద్దిలేటి, ఇంకొకరు టీ కొట్టు బాషా. అంటే ఓటమి ఖాయం. ఆడవాళ్లే వస్తే? వాళ్లు ఏమనుకుంటారో నాకు తెలియదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు కదా.

మర్నాడు నోటీసులు నేనే పట్టుకుని బయలుదేరాను. మునెమ్మ పేడనీళ్లు చల్లుతోంది. "మా ఆయన లేడు సార్, చేనికి పోయిండాడు" అంది. "నోటీసు నీకేనమ్మా" అన్నాను. చేయి కొంగుకు తుడుచుకుని కాగితం అందుకుంది. "నాకా?" అని దాన్ని అటూ ఇటూ తిప్పింది. సుబ్బలక్ష్మి వాకిట్లోనూ అదే ప్రశ్న. తిప్పమ్మ మాత్రం చదివి వినిపించమంది. ఓబులమ్మ ఆమెకు ఆడబిడ్డ. అంతా వింది. మీటింగు ఎన్ని గంటలకని మాత్రం అడిగింది.

ఆడవాళ్లకు వీలుగా ఉంటుందని మధ్యాహ్నం రెండింటికి పెట్టాను.

తొమ్మిది కుర్చీలు

ఆ రోజుల్లోనే ఎక్కడో విదేశాల్లో ఇద్దరాడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు పెళ్లి చేసుకోవచ్చా అని చట్టసభలు ఓట్లేస్తున్నాయని పేపర్లో చిన్న వార్తలు వచ్చేవి. బాషా టీ కొట్టులో ఆ వార్త ఎవరో పైకి చదివితే, "మన ఊళ్లోనూ ఉండాది గదప్పా ఓటింగు, శుక్రవారం!" అని బాషా అరిచాడట. మీటింగు రోజు ఆఫీసు బయట తిరునాళ్లలా జనం.

లోపల తొమ్మిదే కుర్చీలు వేయించాను. వాటి వీపుల మీద చాక్‌పీసుతో నేనే పేర్లు రాశాను. సుబ్బలక్ష్మి భర్త వచ్చి అలవాటు చొప్పున కూర్చోబోయి, పేరు చదువుకుని నా వైపు చూశాడు. "ఆమె కూర్చోవాల్సిన కుర్చీ అప్పా" అన్నాను. అతను గొణుక్కుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాడు. మునెమ్మ భర్త, శ్రీనివాసులు కూడా అక్కడే. ముగ్గురు ఆడవాళ్లు లోపలికి వచ్చి కుర్చీల అంచున కూర్చున్నారు. ఓబులమ్మ, గ్రేసమ్మ గుమ్మం పక్కన నేల మీద.

అర్జీ చదివాను. సర్పంచ్ రామాంజనేయులు మంచివాడే, కాకపోతే ఎటు గాలి వీస్తే అటు తూర్పారబట్టే రకం. "దీనికి ఇంత రాద్ధాంతం ఎందుకు? ఏకగ్రీవంగా తిరస్కరించినామని రాసుకో సార్, అయిపోతాది" అన్నాడు.

పదిహేనేళ్ల అలవాటు. నా పెన్ను నిజంగానే కాగితం మీదికి వెళ్లింది. అక్కడే ఆపాను. "లేదప్పా. చేతులెత్తాల్సిందే. ఒక్కొక్క పేరూ రాస్తాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మెంబర్లలో ఒకాయన వెటకారంగా లేచాడు. ఆయన పేరు పుస్తకంలో ఉంది, ఇక్కడ అక్కర్లేదు. "తోడంట తోడు! తోడంటే పాలల్లో ఏసేది గదప్పా? రిజిస్టరులో పెరుగు గిన్నె రాస్తాడా సెక్రెట్రీ?" కిటికీ బయట గొల్లున నవ్వారు. గ్రేసమ్మ తల దించుకుంది.

తిప్పమ్మ లేవలేదు. కూర్చునే మాట్లాడింది.

"అదే అబ్బా, బాగా చెప్తివి. పాలల్లో తోడు పడినాంక మల్లా పాలు పాలుగా, తోడు తోడుగా తీసియ్యి చూస్తాం. నీ చేత అయితాదా? ఈళ్లు తోడుకోని పదైదేండ్లాయె. ఇప్పుడొచ్చి నువ్వు యాడ విడదీస్తావు?"

ఈసారి నవ్వు అటు తిరిగింది. వెటకారం చేసినాయన కూర్చున్నాడు. నవ్వని మనిషి దేవదానం ఒక్కడే. చర్చి పెద్ద, గ్రేసమ్మకు దూరపు చిన్నాయన. "నా విశ్వాసం దీనికి ఒప్పుకోదు సార్. నేను కాదంటాను. నా చేయి ఎట్ల పోతే అట్లనే రాయి" అన్నాడు. ఎవరినీ ఎగతాళి చేయలేదు. నాకు అతని మీద గౌరవం పెరిగింది, ఇప్పటికీ ఉంది.

"అర్జీకి అనుకూలం ఎవరు?" అన్నాను.

మద్దిలేటి చేయి మొదట లేచింది. "ఆ ఇద్దరూ నా ఓటర్లప్పా, నేనెత్తకుంటే ఎట్ల?" అంటూ బాషా. సుబ్బలక్ష్మి భర్త వైపు చూడకుండా ఎత్తింది. మునెమ్మ చేయి భుజం దాకా వచ్చి ఆగింది. కిటికీలోంచి భర్త గుడ్లురుముతున్నాడు. ఆమె ఒకసారి నేల మీద కూర్చున్న ఇద్దరినీ చూసింది, తర్వాత చేయి నిలువుగా లేపింది. నాలుగు. ఇక తిప్పమ్మ ఎత్తితేనే గెలుపు. ఆమె ఎత్తకపోతే నాలుగు నాలుగు, ఆపైన సర్పంచ్ ఇష్టం.

తిప్పమ్మ చేయెత్తింది.

"అమ్మా! దించు చెయ్యి!" శ్రీనివాసులు కిటికీ ఊచలు పట్టుకుని అరిచాడు. "ఆ ఇల్లు మనకు రావల్సింది!"

"మూడేండ్లు నా చేయి నువ్వే ఎత్తితివి గదరా" అంది ఆమె, చేయి దించకుండానే. "ఈ పొద్దు నేనే ఎత్తుకుంటా. ఆ గోడలకు మట్టి మెత్తింది ఈళ్లిద్దరే. నేను కండ్లారా చూసినా. ఊరు అడిగితే అబద్ధం చెప్పమంటావా?"

అయిదు. వ్యతిరేకం మూడు. లెక్క తేలిపోయాక సర్పంచ్ కూడా నవ్వుతూ చేయెత్తాడు. గెలిచిన తర్వాత లేచిన చేయి. అయినా దాన్నీ రాసుకున్నాను. ఆరు, మూడు. తొమ్మిది పేర్లూ, ఎవరు ఎటు అన్నదీ, వరసగా రాసి చదివి వినిపించాను. దేవదానం అందరికంటే ముందు సంతకం పెట్టాడు. మునెమ్మకు సంతకం వచ్చట! ఇన్నాళ్లూ ఆమె చేత వేలిముద్ర వేయించాం. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. ఎంతసేపు పట్టినా ఎవరూ తొందరపెట్టలేదు.

నా ఉద్యోగంలో అంత సంతోషం నాకు ఇంకెప్పుడూ కలగలేదు. ఏకగ్రీవం అని రాసిన వందల తీర్మానాలకంటే, ముగ్గురు కాదన్న ఈ ఒక్క తీర్మానం గట్టిదని అప్పుడే తెలుసు నాకు.

ఆ తర్వాత

అనుకున్నట్టే శ్రీనివాసులు ధర్మవరంలో ఒక వకీలును పట్టుకుని పెనుకొండకు ఫిర్యాదు పంపాడు, ఆడవాళ్ల చేత నేనే బలవంతంగా చేతులెత్తించానని. మా చాదస్తపు అధికారి ముగ్గురినీ పిలిపించాడు. పుస్తకం ముందు పెట్టి, "ఈ చేయి నీదేనా అమ్మా?" అని తిప్పమ్మను అడిగాడు. "నాదే సార్. ఇంగెవరిదనుకుంటివి?" అంది. ఆయన మొహంలో నవ్వు నేను చూసింది అదొక్కసారే. ఫిర్యాదు కొట్టేశాడు.

ఆపరేషన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తీర్మానం నకలు, నేనిచ్చిన కొత్త కాగితం తీసుకుని వెళ్లారు. ఈసారి గ్రేసమ్మ చేతే సంతకం పెట్టించుకున్నారు. ఓబులమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు గొర్రెల వెంట తిరిగింది. శ్రీనివాసులు ఏడాది పాటు తల్లితో మాట్లాడలేదు. తర్వాత ఆకలేసి వచ్చాడని తిప్పమ్మ చెప్పింది.

వాళ్లు ఆసుపత్రికి బయలుదేరడానికి ముందు రోజు జరిగింది చెప్పి ముగిస్తాను. ఇంటి రిజిస్టరులో మార్పు జరిగితే ఊళ్లో చాటింపు వేయించాలి. తప్పెట కొట్టే నాగన్నకు చీటీ రాసిచ్చి, నేనూ వెంట వెళ్లాను. వీధి వీధికీ ఆగి చెప్పుకుంటూ సాయంత్రానికి ఆ ఇంటి ముందుకు వచ్చాం. నాగన్న తప్పెట మోగించి గొంతెత్తాడు:

"ఇందుమూలంగా ఊరి జనాలందరికీ తెలియజేసేది ఏమంటే! ఈ ఇల్లు ఓబులమ్మది, ఆమె తోడు గ్రేసమ్మది! పంచాయతీ ఒప్పుకున్న్యాదహో!"

గ్రేసమ్మ వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో చేట అలాగే ఉండిపోయింది. "ఇంగొక తూరి చెప్పు నాగన్నా" అంది. నాగన్న చెప్పాడు. "ఇంగొక తూరి" అంది మళ్లీ. అప్పటికి ఆమె కళ్ల నీళ్లు కారిపోతున్నాయి. నావీ అంతే, దాచుకోవడానికి ఏముంది. నాగన్న నన్ను చూశాడు. ఎన్నిసార్లు చెప్పాలో నా చీటీలో లేదు మరి.

గడప మీద కూర్చున్న ఓబులమ్మ చెప్పింది. "దానికి చాలు అనేదాకా చెప్పప్పా. పదైదేండ్లు ఎదురుచూసింది."

నాగన్న తప్పెటను వాకిట్లోని పొయ్యి మంట మీద కాస్త కాచుకుని, మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు.